ప్రమీల మేడం లీటరు పాఠం

మొన్న మధ్యాహ్నం మంచాల నుంచి ఇబ్రహీంపట్నం వచ్చే బస్సులో నా ముందు సీటు కింద ఎవరో రైతు సంచి పెట్టుకున్నాడు. బస్సు గుంతలో పడి ఎగిరినప్పుడు సంచిలో ఏదో మూత సడలినట్టుంది. కిటికీలన్నీ తెరిచి ఉన్నా ఆ వాసన సూటిగా వచ్చి నా ముక్కుకు తగిలింది. కుళ్ళిన వెల్లుల్లికి కిరోసిన్ కలిసినట్టుండే వాసన. పత్తికి కొట్టే పురుగుల మందు. పక్కనున్న ఆడవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మళ్ళీ మాటల్లో పడిపోయారు. నేను మాత్రం సీట్లో కూర్చోలేకపోయాను. "ఆపన్నా, జర ఆపు" అని డ్రైవరును బతిమాలి, నేను దిగాల్సిన స్టేజీ ఇంకా దూరం ఉండగానే దిగిపోయాను. ఇన్నేళ్ళయినా ఆ వాసనకు నేను ఇట్లా అయిపోతానని నాకే తెలియదు. రోడ్డు పక్కన దుమ్ములో నిలబడి ఊపిరి కూడదీసుకుంటూ మొదట తలచుకున్నది ప్రమీల మేడంని.

ఆమె మీకెవరికీ తెలియదు. ఇబ్రహీంపట్నం దాటి లోపలికి పోయే దారిలో ఒక చిన్న ఊరు, ఆ ఊరి ప్రాథమిక పాఠశాలకు ఆమె హెడ్మిస్ట్రెస్. తెలంగాణ వచ్చిన కొత్తల్లో నేను డి.ఎడ్. పూర్తి చేసి ఆ బడికి విద్యా వాలంటీరుగా వెళ్ళాను. రెండు గదులు, ఒక వరండా, ఒక చేతిపంపు. మేమిద్దరమే టీచర్లం. ఆమె పొడుగాటి మనిషి, పెద్ద గొంతు. ఇబ్రహీంపట్నంలో పొద్దుటి బస్సెక్కి వచ్చి, చెప్పులు వరండా కింద విడిచి, కొంగు నడుముకు చెక్కుకుందంటే ఇక సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. భర్త చనిపోయాడు. కూతురు పెళ్ళయి పెద్ద అంబర్‌పేటలో ఉంటుంది. ఆదివారాలు తప్ప ఆమె బతుకంతా ఆ రెండు గదుల్లోనే గడిచింది.

చేరిన కొత్తలో మూడో తరగతికి ద్రవాల కొలతలు చెప్పమని నాకు అప్పజెప్పింది. నేను బోర్డు మీద "వెయ్యి మిల్లీలీటర్లు ఒక లీటరు" అని చక్కగా రాసి పిల్లల చేత వల్లె వేయించాను. వాళ్ళు గొంతెత్తి పాటలాగా చెప్పారు. నాకు భలే సంతోషం వేసింది. మేడం గుమ్మంలో నిలబడి విని, ముందు వరుసలో కూర్చున్న పిల్లవాణ్ణి లేపింది. "లీటరంటే ఎంత బిడ్డా? చూపెట్టు" అంది. వాడు కాసేపు ఆలోచించి రెండు చేతులూ బారగా చాపి, "గింత" అన్నాడు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నన్ను వరండాలోకి పిలిచి, "లీటరు నోటికొచ్చింది పిల్లా. చేతికి రాలె. తడవకుంట లీటరు ఎట్ల వస్తది?" అంది.

మర్నాడు ఇళ్ళల్లో ఉన్న గిన్నెలు, చెంబులు, ఖాళీ సీసాలు తెమ్మని పిల్లలకు చెప్పింది. వరండా నిండా సామాను చేరింది. గ్లాసుడు నీళ్ళు తీసుకుని సన్నటి పొడుగు సీసాలో పోయించింది. అన్నే నీళ్ళు వెడల్పాటి గిన్నెలో పోయించింది. "దేంట్ల ఎక్కువున్నయి?" అనడిగితే తరగతంతా సీసా వైపే వేలు చూపింది. "పందెమా?" అంది. పందెమే అన్నారు. రెండింటినీ మళ్ళీ గ్లాసులోకి వంపించింది. రెండుసార్లూ గ్లాసు అంచు వరకే నిండింది. పిల్లల నోళ్ళు తెరుచుకుపోయాయి. ఒకమ్మాయి నమ్మక గ్లాసులో వేలు పెట్టి చూసింది. "మేడం, సీస అబద్ధమాడింది" అన్నాడొకడు. "సీస ఆడలే బిడ్డా, నీ కన్ను ఆడింది" అని ఆమె పకపకా నవ్వింది. పాఠం అంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆ పూటే. నా చీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది.

ఆ తర్వాతి ఏడు వానకాలంలో అదే పాఠం మళ్ళీ వచ్చింది. ఊరి చుట్టూ పత్తి నడుము ఎత్తున ఉంది. పొద్దున పిల్లలు ఎవరికి తోచినవి వాళ్ళు తెచ్చి వరండాలో కుప్పగా పెట్టారు. ఖాళీ కూల్‌డ్రింక్ బాటిళ్ళే ఎక్కువ, అన్నీ ఒక్క తీరువే. నందిని అనే పిల్ల కొంచెం ఆలస్యంగా వచ్చింది. మాటలు తక్కువ, పని ఎక్కువ చేసే పిల్ల. గేటు దగ్గర మేమిద్దరం ఉంటే తన బాటిల్ మేడం చేతికే ఇచ్చి, "సర్ఫు పెట్టి కడిగిన మేడం" అంది. "శాబాష్" అని మేడం దాన్ని కుప్పలో పెట్టింది. అంతే జరిగింది. ఆ క్షణాన్ని నేను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో చెప్పలేను. పొద్దుటి ఎండ, తడిసిన బాటిల్, ఆ పిల్ల ముఖంలో గర్వం. ఎక్కడా ఏ అనుమానమూ లేదు.

పాఠం నడుస్తోంది. ఒక్కో బాటిల్‌లో ఒక్కో గ్లాసు నీళ్ళు పోసి, ఎంత ఎత్తు వచ్చాయో చూసి, మళ్ళీ గ్లాసులోకి వంపాలి. ముసురు తగ్గి ఉక్కగా ఉంది. అఖిల్ అనే పిల్లవాడి వంతు వచ్చింది. వాడు బాటిల్ వంపి, స్టీలు గ్లాసు నిండిందని అందరికీ చూపించి, దాహంగా ఉందేమో ఎత్తి గటగటా తాగేశాడు. రెండు మూడు గుక్కలు పోయాక "ఛీ, గబ్బు" అని నోట్లో ఉన్నది ఊసేశాడు. నీళ్ళు తెల్లగా ఉంటే సర్ఫు నురగనుకున్నాడట. పిల్లలు నవ్వారు. మేడం వాడి చేతిలోంచి గ్లాసు తీసుకుని వాసన చూసింది.

ఆమె ముఖం అట్లా అవడం అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. రంగంతా ఒక్కసారి దిగిపోయింది. నేను అరవబోయాను. ఆమె అరవలేదు. గ్లాసు మెల్లగా కింద పెట్టి, "అందరు చేతులు పైకి లేపుండ్రి. ఎవ్వరు ఏం ముట్టకుండ్రి. లైనుగ పంపు కాడికి నడువుండ్రి" అంది. పిల్లలు అదీ ఆటే అనుకుని చేతులెత్తి నడిచారు. నాతో, "స్వప్నా, ఆ బాటిల్‌కు మూత పెట్టియ్యి. పారబొయ్యకు, నాకు గావాలె" అంది. నేను మూత బిగించి బాటిల్‌ను చేతిలోనే ఉంచుకున్నాను. అప్పటికే అఖిల్ నోటి వెంట చొంగ కారుతోంది. "మేడం, కడుపుల నొస్తుంది" అని వంగిపోయాడు. ఆమె వాణ్ణి ఎత్తి భుజాన వేసుకుంది. చెప్పులు వేసుకోలేదు. రోడ్డు మీద టమాటాలు దించి వస్తున్న ట్రాలీ ఆటోకు అడ్డం పోయి నిలబడింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకు పిల్లల్ని అప్పజెప్పి నేనూ వెనక ఎక్కాను. దారి పొడుగునా వాడి ఒళ్ళు చెమటతో తడిసిపోతోంది, కండరాలు అదురుతున్నాయి. ఆమె వాడి తలను పక్కకు వాల్చి పట్టుకుని, "అఖిలూ, నా దిక్కు చూడు, పండుకోకు బిడ్డా" అని ఒక్కటే మాట అంటూ కూర్చుంది.

ఇబ్రహీంపట్నం దవాఖానలో డాక్టరు వాడి కంటిపాపల్లోకి లైటు వేసి చూస్తూనే, "ఏం తాగిండు? ఎంత తాగిండు? ఎంత సేపైంది?" అని అడిగాడు. ఎంత అన్న మాట నా చెవికి అర్థమే కాలేదు. ఆమె మాత్రం నిలబడి చెప్పింది. "పత్తి మందు సారూ. కడిగినా బాటిల్ అడుగున అంటుకొని మిగిలిందాంట్ల రెండు వందల మిల్లీలీటర్ల నీళ్ళు పోసినం. అందులకెళ్ళి పావు గ్లాసు మింగిండు. మిగిలింది గ్లాసుల ఉన్నది కొంత, ఊసింది కొంత. ఇగో బాటిల్, వాసన చూడుండ్రి. ఆటో ఎక్కి ఈడికొచ్చేంత సేపే అయింది." డాక్టరు ఆమె వైపు ఒక్క క్షణం చూసి, నర్సుకు ఇంజెక్షన్ పేరు చెప్పాడు. ఆ తర్వాత అంతా పరుగులే. వాడి తల్లి మంజుల చేనులోంచి వచ్చినట్టే వచ్చింది, కాళ్ళకు బురదతో. వాణ్ణి అంబులెన్సులో హైదరాబాదు పంపారు. ఆ బండి వెళ్ళిపోయాక మేడం దవాఖాన మెట్ల మీద కూలబడింది. "వాసన చూడలే నేను. ఒక్కొక్క మూత తీసి వాసన చూసేదుండె" అంది. ఆమె అరికాళ్ళు కోసుకుపోయి రక్తం కారుతోంది. అది ఆమెకు తెలియనే లేదు.

అఖిల్ పైపుల మధ్య బతికీ బతకక ఉన్న రోజుల్లోనే మంజుల ఒక పొద్దున ఊరికి వచ్చింది, బట్టలు తీసుకుపోవడానికి. తిన్నగా బడికి వచ్చింది. వెనక సగం ఊరు ఉంది. ఎవరింటి బాటిల్ అన్నది పిల్లలకు తెలియదు, అన్నీ ఒక్క తీరువే గనుక. సర్ఫుతో కడిగి తడిగా వచ్చింది ఆ ఒక్కటే గనుక, తెలిసింది మా ఇద్దరికీ, నందినికీ. "ఎవల పిల్ల తెచ్చింది మేడం? పేరు చెప్పు. నా కొడుకు ఆడ సావు బతుకుల మధ్యల ఉన్నడు. నాకు పేరు గావాలె" అంది మంజుల. గొంతు పోయి మాటలు గాలిలాగా వస్తున్నాయి.

"బాటిళ్ళు తెమ్మన్నది నేను. పాఠం నాది. చూసుకోవాల్సింది నేను" అంది మేడం.

"నిన్ను అడగలే. తెచ్చినోళ్ళెవరు?"

"ఇంకో పేరు లేదు మంజులా. నా పేరే ఉన్నది."

మంజుల చెయ్యి లేచింది. ఆ చప్పుడు వరండా గోడకు తగిలి తిరిగి వచ్చినట్టు నాకు అనిపించింది. ఊరి బడి హెడ్మిస్ట్రెస్సును, పిల్లలందరూ కిటికీల్లోంచి చూస్తుండగా, చెంప మీద కొట్టింది. కొట్టిన మంజులే కొయ్యబారి తన చెయ్యిని చూసుకుంటోంది. నందిని పేరు నా నాలుక చివరి దాకా వచ్చింది. మేడం నా వైపు చూడకుండానే నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు దిగేంత గట్టిగా పట్టుకుంది. తరవాత మంజులతో ఏమీ జరగనట్టే, "పొయ్యి బట్టలు తెచ్చుకో. బస్సుకు టైమైతుంది. పొద్దటి సంది ఏమన్న తిన్నవా?" అంది. మంజుల అక్కడే నేల మీద కూర్చుని గుండెలు బాదుకుని ఏడ్చింది.

విచారణకు వచ్చిన అధికారి మంచివాడే. "పిల్లలు వాళ్ళంతట వాళ్ళు తెచ్చుకున్నారని రాయండి మేడం, మీకు ఇబ్బంది ఉండదు" అన్నాడు. ఆమె నేనే తెమ్మన్నానని రాసిచ్చింది. సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. బడి మొత్తం నా ఒక్కదాని మీద పడింది. నందిని బడికి రావడం మానేసింది. జ్వరమన్నారు. నేను మేడంకు ఫోన్లో చెప్తే ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చింది. ఊళ్ళోకి వస్తే ఎవరేమంటారోనని నాకు భయం. ఆమెకు ఆ ఊసే లేదు. నన్ను వెంటబెట్టుకుని నందిని ఇంటికి పోయింది.

ఆ పిల్ల మంచం కింద దూరి ఉంది. తండ్రి శ్రీశైలం గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. పక్క చేను వాళ్ళతో పంచుకున్న మందును ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోసి తెచ్చి, కొట్టాక దాన్ని దొడ్లో పడేసింది అతనే. మేడం కింద కూర్చుని, మంచం కిందికి వంగి మాట్లాడింది.

"నందినీ, బాటిల్ కడిగినవా?"

"కడిగిన మేడం. సర్ఫు పెట్టి కడిగిన." లోపలి నుంచి ఏడుపు.

"నాకెరుకే. మంచిగ కడిగినవ్. గని కొన్నిటిని ఎంత కడిగినా పోదు బిడ్డా. అది నీకెవరు చెప్పలే. చెప్పాల్సింది నేను. నువ్వు చెప్పినట్టు చేసినవ్, నేను చెప్పుడు మరిచిన. ఇందుల తప్పు ఎవరిది?"

మంచం కింది నుంచి ఒక చిన్న చెయ్యి బయటకు వచ్చి ఆమె కొంగు పట్టుకుంది. ఆమె ఆ చేతిని తీసి తన బుగ్గకు, మంజుల కొట్టిన వైపు, ఆనించుకుంది. గుమ్మంలో ఉన్న శ్రీశైలం గోడకు తిరిగి నిలబడ్డాడు. ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు. లేచి వస్తూ మాత్రం, "మందుకు మందు డబ్బే ఉండాలె శ్రీశైలం. తాగే బాటిల్‌ల పొయ్యొద్దు. ఊర్ల అందరికీ నువ్వే చెప్పు. నేను చెప్తే ఇప్పుడు ఎవరింటరు?" అంది.

అఖిల్ బతికాడు. గొంతులో పైపు వేసినందుకు చాన్నాళ్ళు బొంగురు గొంతుతో మాట్లాడాడు గాని, ఇంటికి వచ్చాడు. ఒక ఆదివారం నేను ఇబ్రహీంపట్నంలో మేడం ఇంట్లో ఉన్నాను. తలుపు చప్పుడైతే తీశాను. మంజుల, చేయి పట్టుకుని అఖిల్. లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయాను. మంజుల నన్ను దాటుకుని వెళ్ళి మేడం ఎదుట నిలబడింది.

"నిన్న శ్రీశైలమన్న మా ఇంటికొచ్చిండు. బాటిల్ మా ఇంట్లదే, మందు పోసింది నేనే అని నా కొడుకు కాళ్ళు పట్టుకుండు. మీకు ముందుగాలనే ఎరుకనట గదా మేడం? నేను కొట్టినప్పుడన్న చెప్పొద్దా?"

"చెప్తే ఆ దెబ్బ ఆ పిల్ల మీద పడేది" అంది మేడం. "నేనైతే పెద్దదాన్ని. తట్టుకుంట."

మంజుల ఆమె చెయ్యి పట్టుకుని తన చెంప మీద కొట్టుకోబోయింది. మేడం చెయ్యి గుంజుకుని, "ఏందిది, పోరని ముందట? కూసో. చాయ్ పెడత" అని వంటింట్లోకి పోయింది. ఎంతకీ రాకపోతే నేను లోపలికి వెళ్ళి చూశాను. పొయ్యి వెలిగించనే లేదు. గట్టుకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అంత కాలంలో ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నన్ను చూసి, "బతికిండు గద స్వప్నా" అంది.

సస్పెన్షన్ ఎత్తేశాక ఆమెను ఇంకో బడికి వేస్తామన్నారు. ఇక్కడికే కావాలని పట్టుబట్టి వచ్చింది. వచ్చిన వారంలోనే పిల్లలతో, "మన లీటరు పాఠం సగంలనే ఆగింది గదా, రేపు చేద్దాం" అంది. "మేడం, వద్దు. బోర్డు మీద చెప్పేద్దాం" అని ఆమె చేతులు పట్టుకుని బతిమాలాను. "ఇప్పుడు ఇడిసిపెడితే ఈ పిల్లలకు నీళ్ళంటేనే భయం ఉండిపోతది" అంది.

మర్నాడు బాటిళ్ళూ గిన్నెలూ అన్నీ తన ఇంటి నుంచే సంచుల్లో మోసుకొచ్చింది. సంగతి ఎట్లా పాకిందో గేటు అవతల తల్లిదండ్రులు గుమిగూడారు. మంజుల ఉంది, శ్రీశైలం ఉన్నాడు. పిల్లలు వరండాలో ముడుచుకుని కూర్చున్నారు, గిన్నెల దగ్గరికి ఒక్కరూ రాలేదు. మేడం ఒక బాటిల్‌లో నీళ్ళు నింపి, గ్లాసులోకి వంపి, ఆ గ్లాసును అందరికీ కనబడేలా ఎత్తి, ఆఖరి చుక్క దాకా తాగింది. మూతి తుడుచుకుని, "మంచిగున్నయి. రెండు వందల మిల్లీలీటర్లు నా కడుపులకు పోయినయి. బాటిల్‌ల ఇంక ఎన్నున్నయి? ఎవరు చెప్తరు?" అంది.

కాసేపటికి నందిని లేచింది. రెండు చేతులతో బాటిల్ పట్టుకుంది. వంచకుండా నిలబడింది. అప్పుడు అఖిల్ వెళ్ళి ఆ పిల్ల ముందు గ్లాసు పట్టుకుని, బొంగురు గొంతుతో, "నీళ్ళు పొయ్యి" అన్నాడు. గ్లాసు అంచు దాటి నీళ్ళు వాడి కాళ్ళ మీద పడ్డాయి. "ఎక్కువైనయి, ఎక్కువైనయి" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. గేటు అవతల ఎవరో పెద్దగా ముక్కు చీదారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆమె రిటైరై కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. రెండేళ్ళ కింద గుండెపోటుతో పోయింది. నాకు ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు రావిర్యాల వైపు ఒక బడిలో మూడో తరగతి చెబుతున్నాను. ఏటా లీటరు పాఠం వస్తుంది. సామాను ఇంటి నుంచి నేనే మోసుకుపోతాను. మొదటి గ్లాసు పిల్లల ముందు నేనే తాగుతాను. మొదటి గుక్క గొంతు దిగే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. నాకు ఏటా భయమే. గేటు అవతల అంత మంది చూస్తుండగా, అంత జరిగాక, ఆమెకూ ఆ గుక్క దగ్గర భయం వేసే ఉంటుందని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు అడగాలని తోచలేదు. మింగేసి గ్లాసు కింద పెడతాను. పిల్లలు ముందుకు జరుగుతారు.